ప్రీగాబలిన్: కిడ్నీ లెక్క, పక్క మాత్రల లెక్క

షుగరు వచ్చి పదేళ్ళు దాటిన మనిషి ఉన్న ఇంట్లో మందుల డబ్బా తెరిస్తే, తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా, ప్రీగాబలిన్ 75 స్ట్రిప్పు ఒకటి కనబడడం మామూలైపోయింది. అరికాళ్ళు మండుతున్నాయని ఒకరికి, సర్పి మానినా పోటు పోలేదని ఇంకొకరికి, నడుములో మొదలై పిక్క దాకా లాగుతోందని మరొకరికి రాస్తారు. ఇంట్లో మాత్రం అందరూ నరాల బలం మాత్ర అనే అంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. బలం మాత్రే కదా అని ఒకటికి రెండు వేసుకుంటారు. పక్కింటి పెద్దావిడకు కాళ్ళు లాగుతుంటే రెండు చేతిలో పెడతారు. డబ్బులు చాలని నెల ఉన్నట్టుండి మానేస్తారు. వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు దాని ఊసే ఎత్తరు.

ఇది విటమిన్ కాదు. నరాల నొప్పికీ మూర్ఛకూ వాడే మందు. మెదడు మీద, వెన్నుపాము మీద పనిచేస్తుంది. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినది. అమెరికాలో 2004లో అనుమతి పొందింది. బ్రిటన్‌లో దుర్వినియోగం పెరిగిందని 2019 ఏప్రిల్ నుంచి దీన్నీ, దీని అన్నలాంటి గాబాపెంటిన్‌నీ నియంత్రిత మందుల జాబితాలో చేర్చారు.

అలాగని భయపడి దూరం పెట్టాల్సినదీ కాదు. సరైన మనిషికి, సరైన మోతాదులో ఇస్తే రాత్రిళ్ళు నిద్రపట్టని కాళ్ళ మంటకు మంచి ఆసరా. ఏది చూసి జాగ్రత్తపడాలో తెలియకపోవడమే అసలు ఇబ్బంది. బీపీ మాత్రతో కలిపి వేసుకోవచ్చా, థైరాయిడ్ మాత్రతో గొడవ పడుతుందా అని అడుగుతారు. వాటిలో చాలావాటితో దీనికి పేచీ లేదు. ఎవరూ అడగని జలుబు మాత్రతో, నిద్ర మాత్రతో, మోకాళ్ళ నొప్పి మాత్రతో, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, నిరుడు చూసి వదిలేసిన ఆ క్రియాటినిన్ రిపోర్టుతో ఉంది అసలు పేచీ.

ఇది చేసే పని, చేయని పని

నరాల చివర్లలో కాల్షియం లోపలికి వెళ్ళే ద్వారాలుంటాయి. నరం దెబ్బతిన్నప్పుడు వీటి పని శ్రుతిమించి, నొప్పి కబురు మోసే రసాయనాలు అదేపనిగా వెలువడుతుంటాయి. ప్రీగాబలిన్ ఆ ద్వారాల్లో ఆల్ఫా-2-డెల్టా అనే భాగాన్ని పట్టుకుని, ఆ రసాయనాల ఉరవడి తగ్గిస్తుంది. కబురు పలచబడుతుంది, మంట తగ్గుతుంది. అదే పని మెదడులో మిగతా చోట్లా జరుగుతుంది కాబట్టి మత్తు, తల తిరగడం, మసకచూపు, అడుగు తడబడడం కూడా వస్తాయి. ఇవి మందు పనితీరులోనే ఉన్నాయి. కంపెనీ మార్చినంత మాత్రాన పోవు.

నరాన్ని మాత్రం ఇది బాగుచేయదు. మంట తగ్గిందంటే స్పర్శ తిరిగి వచ్చిందని కాదు. మంట తగ్గిన పాదానికి గాయమైనా తెలియకపోవచ్చు. షుగరు మనిషి రోజూ రాత్రి పడుకునే ముందు అరికాలు, వేళ్ళ సందులు వెలుతురులో చూసుకోవడం ఈ మందు వాడుతున్నప్పుడూ ఆపకూడదు.

ఆశ కూడా కొలత ప్రకారమే పెట్టుకోవాలి. నరాల నొప్పి మందుల మీద 2015లో వచ్చిన పెద్ద సమీక్షలో తేలిన లెక్క ఇది: మందు లేని డమ్మీ మాత్రతో రానంత మంచి ఉపశమనం ఒక్కరికి కలగాలంటే, ప్రీగాబలిన్ దాదాపు ఎనిమిది మందికి ఇవ్వాలి. మిగతావారికి కొంత తగ్గవచ్చు, అసలు తగ్గకపోవచ్చు. తట్టుకోగలిగిన మోతాదుకు చేరి నాలుగు నుంచి ఆరు వారాలు వాడినా తేడా కనబడకపోతే ఇంకా పెంచుకుంటూ పోవడం కంటే, డాక్టరుతో మాట్లాడి మెల్లగా దించుకోవడం మేలు. నడుము నుంచి కాలికి లాగే సయాటికా నొప్పికి మన దగ్గర ఇది విరివిగా రాస్తారు. 2017లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరీక్షలో సయాటికాకు ఇది డమ్మీ మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు, తల తిరగడం మాత్రం ఎక్కువైంది. మూడు నెలలుగా వాడుతున్నా కాలు అలాగే లాగుతోందనేవారు ఈ సంగతి డాక్టరు ముందు పెట్టాలి.

ఇంకొకటి. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే ఒంట్లో బి12 విటమిన్ తగ్గవచ్చు. బి12 తగ్గితే వచ్చే తిమ్మిర్లు, మంటలు అచ్చం షుగరు నరాల జబ్బులాగే ఉంటాయి. ఒకసారి రక్తంలో బి12 చూడకుండా ఏళ్ళకేళ్ళు నొప్పి మాత్ర మింగడం అన్యాయం. చాలా స్ట్రిప్పుల్లో ప్రీగాబలిన్‌తో పాటు మిథైల్‌కోబాలమిన్ ఉంటుంది, అదే బి12. లోపం గట్టిగా ఉన్నవాళ్ళకు అది చాలకపోవచ్చు, వేరే మోతాదు, ఒక్కోసారి ఇంజక్షన్లు కావాలి.

స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు

మన మార్కెట్లో ప్రీగాబలిన్ ఒంటరిగా దొరికేదాని కంటే తోడుతో దొరికేది ఎక్కువ. మిథైల్‌కోబాలమిన్‌తో ఒకటి, నార్‌ట్రిప్టిలిన్ 10 మి.గ్రా.తో ఒకటి, డ్యులోక్సెటిన్‌తో ఒకటి. ముందువైపు పెద్దక్షరాల్లో ఉండే పేరు కంపెనీ పెట్టుకున్నది. లోపల ఏముందో వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

చిత్తూరు మనిషి కాళ్ళ మంటకు ఊళ్ళో ఒక డాక్టరుకు చూపించుకుంటాడు. నడుము నొప్పికి వేలూరు వెళ్తాడు. రెండు చీటీలు, రెండు పేర్లు, రెండు రంగుల స్ట్రిప్పులు. రెండింటి వెనకా చదివితే రెంటిలోనూ ప్రీగాబలిన్ 75, రెండూ రెండేసి పూటలు. రోజుకు 150 అనుకుని 300 మింగుతున్నాడన్నమాట. ఒక స్ట్రిప్పులో ప్రీగాబలిన్, ఇంకోదాంట్లో గాబాపెంటిన్ ఉన్నా వరస అదే. రెండూ పట్టుకునేది ఒకే చోటును, కలిపి వేసుకుంటే రెట్టింపు మత్తు తప్ప అదనపు లాభం పెద్దగా లేదు. కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా చీటీలే కాదు, వేసుకుంటున్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. మందుల షాపులో "దీంట్లో ప్రీగాబలిన్ ఎంత, గాబాపెంటిన్ ఉందా" అని ఈ రెండు పేర్లూ పలికి అడగండి. జన ఔషధి కేంద్రంలో కొంటే కంపెనీ పేరుకు బదులు మందు పేరే పెద్దగా ఉంటుంది కాబట్టి ఈ తికమక కొంత తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

పేరు చివర ఎస్‌ఆర్ అని ఉంటే మెల్లగా కరిగే రకం. సాధారణంగా రోజుకు ఒక్కసారి, రాత్రి భోజనం తర్వాత. విరచకూడదు, నమలకూడదు, నలిపి నీళ్ళలో కలపకూడదు. అలా చేస్తే రోజంతా రావాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. మోతాదు సగం చేసుకుందామని ఎస్‌ఆర్ మాత్రను కత్తితో కోసేవారు ఉన్నారు. తక్కువ మోతాదు కావాలంటే డాక్టరును అడిగి 25, 50 మి.గ్రా. మామూలు రకాలు రాయించుకోవాలి.

నార్‌ట్రిప్టిలిన్ కలిసిన మాత్ర పెద్దవయసు మగవారికి ఇచ్చేటప్పుడు ప్రోస్టేట్ సంగతి అడగాలి. మూత్రం ఆగిపోవచ్చు. కంట్లో నీటి ఒత్తిడి ఉన్నవారికి, గుండె లయ తప్పేవారికి కూడా అది మంచిది కాదు. డ్యులోక్సెటిన్ కలిసినది కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి పనికిరాదు, నొప్పి మందు ట్రమడాల్‌తో కలిస్తే సెరటోనిన్ అనే మెదడు రసాయనం ఎక్కువై చెమటలు, వణుకు, గుండెదడ, గందరగోళంతో విషమించే ప్రమాదం ఉంది. ప్రీగాబలిన్ సరిపడినా, దాని తోడు సరిపడకపోవచ్చు.

క్రియాటినిన్ 1.4 అంటే అందరికీ ఒకటి కాదు

చాలా మందులు కాలేయంలో ముక్కలై బయటికి పోతాయి. ఒక మందు ఇంకోదాని దారికి అడ్డుపడడం ఎక్కువగా అక్కడే జరుగుతుంది. ముఖంలో కరెంటు షాకులాంటి నొప్పికి వాడే కార్బమజెపైన్ అందుకే ఎన్నో మందుల్ని కలవరపెడుతుంది. ప్రీగాబలిన్ కాలేయం జోలికే పోదు. మింగినదాంట్లో 90 శాతానికి పైగా ఒంటికి పడుతుంది, అదంతా దాదాపు మారకుండానే మూత్రంలో పోతుంది. బీపీ, కొలెస్టరాల్, థైరాయిడ్ మాత్రలతో పేచీ లేకపోవడానికి కారణం ఇదే. మొత్తం భారం కిడ్నీల మీద పడడానికి కారణమూ ఇదే.

కిడ్నీలు బాగుంటే ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గడానికి సుమారు 6 గంటలు పడుతుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో అది రోజు దాటిపోతుంది, చివరి దశలో రెండు రోజుల దాకా పోవచ్చు. నిన్నటిది పోకముందే ఇవాళ్టిది, దాని మీద రేపటిది. మోతాదు మార్చకుండానే మనిషి ఒంట్లో మందు పేరుకుంటుంది.

రిపోర్టులో క్రియాటినిన్ అంకె ఒక్కటి చూసి "కొంచెం ఎక్కువ, పర్లేదు" అనుకోవడం ఇక్కడ పెద్ద పొరపాటు. కిడ్నీ వడపోతను అంచనా కట్టడానికి డాక్టర్లు వాడే పాత సూత్రం సులువైనదే. 140లోంచి వయసు తీసేయాలి, వచ్చినదాన్ని కిలోల్లో బరువుతో గుణించాలి, దాన్ని 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించాలి, ఆడవారికైతే చివర్లో 0.85తో గుణించాలి.

నలభై ఏళ్ళ మగమనిషి, 70 కిలోలు, క్రియాటినిన్ 1.4 అనుకోండి. 100ను 70తో గుణిస్తే 7000. 72ను 1.4తో గుణిస్తే 100.8. భాగిస్తే నిమిషానికి 69 మి.లీ. ఇప్పుడు 68 ఏళ్ళ ఆవిడ, 52 కిలోలు, అదే క్రియాటినిన్ 1.4. 140లో 68 పోతే 72, దాన్ని 52తో గుణిస్తే 3744, 100.8తో భాగిస్తే 37, 0.85తో గుణిస్తే సుమారు 32. అంకె ఒకటే, వడపోత సగం కూడా లేదు. ఆయనకు సరిపోయిన మోతాదు ఆవిడకు రెట్టింపు అవుతుంది.

వడపోత 60 పైన ఉంటే మామూలు మోతాదు: రోజుకు 150తో మొదలు, షుగరు నరాల నొప్పికి గరిష్ఠంగా 300, సర్పి తర్వాతి నొప్పికి తట్టుకోగలిగితే 600 దాకా. 30 నుంచి 60 మధ్య ఉంటే అందులో సగం, అంటే రోజు మొత్తానికి 75 నుంచి 300. 15 నుంచి 30 మధ్య అయితే 25 నుంచి 150. 15 కంటే తక్కువైతే రోజుకు ఒక్కసారి 25 నుంచి 75. డయాలసిస్ 4 గంటలు నడిస్తే ఒంట్లోని మందులో దాదాపు సగం పోతుంది కాబట్టి ఆ రోజు మాత్ర డయాలసిస్ ముందు వేసుకుంటే వృథా. అయ్యాక అదనపు మోతాదు ఎంతో కిడ్నీ డాక్టరు చెబుతారు. ఈ లెక్కలు మీ అంతట మీరు మోతాదు మార్చుకోవడానికి కాదు. చీటీ రాస్తున్నప్పుడు "నా క్రియాటినిన్ ఇంత, ఈ మోతాదు సరిపోతుందా" అని ఒక్క మాట అడగడానికి. ఏడాది పాత రిపోర్టు దీనికి పనికిరాదు. షుగరు, బీపీ ఉన్నవారు కనీసం ఆరు నెలలకోసారి క్రియాటినిన్ చూపించుకుంటే ఈ ప్రశ్నకు అర్థం ఉంటుంది.

కిడ్నీ ఒక్కరోజులో కూడా కుంగవచ్చు. మోకాళ్ళ నొప్పికి షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. దానికి తోడు బీపీకి రామిప్రిల్ లాంటి మాత్ర, ఒంట్లో నీరు తీసే మాత్ర. పైన మన రోహిణి కార్తె ఎండ, వాంతులో విరేచనాలో రెండు రోజులు. అప్పటిదాకా బాగానే పడిన ప్రీగాబలిన్ ఆ వారంలోనే ఎక్కువైపోతుంది. మనిషి మగతగా ఉంటాడు, మాట ముద్దగా వస్తుంది, నిలబడితే తూలుతాడు, చేతులూ కాళ్ళూ ఉలిక్కిపడ్డట్టు అదురుతాయి. ఇంట్లోవాళ్ళు పక్షవాతమేమో అనుకుంటారు, షుగరు పడిపోయిందేమో అనుకుంటారు. ఆ రెండు అనుమానాలూ సరైనవే, ముందు గ్లూకోమీటరుతో షుగరు చూడాలి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రికో రుయా ఆసుపత్రికో ఎక్కడికి తీసుకెళ్ళినా, అక్కడి డాక్టరుకు మొదట చెప్పాల్సిన మాటల్లో "ప్రీగాబలిన్ వాడుతున్నారు, రోజుకు ఇంత, చివరి మాత్ర ఇన్ని గంటలకు" అన్నది ఉండాలి. అది వినబడకపోతే తలకు స్కానింగులు అయ్యాక గానీ అటువైపు చూపు పోదు.

మత్తు మీద మత్తు

ప్రీగాబలిన్ ఒక్కటే వేసుకున్న ఆరోగ్యవంతుడికి ఊపిరి ఆగే ప్రమాదం అరుదు. ప్రాణం మీదికి వచ్చేది ఇంకో మత్తు మందు తోడైనప్పుడు. 2019 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఇదే హెచ్చరిక జారీ చేసింది: నల్లమందు జాతి నొప్పి మందులు వాడేవారికి, ఊపిరితిత్తుల జబ్బున్నవారికి, పెద్దవయసువారికి ఈ మందులతో శ్వాస మందగించవచ్చని.

నల్లమందు జాతి అంటే ఎక్కడో ఆపరేషన్ థియేటర్లో ఇచ్చేది అనుకోవద్దు. నడుము నొప్పికి రాసే ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 కలిసిన మాత్ర ఆ జాతిదే. టాపెంటడాల్ ఆ జాతిదే. కొడీన్ ఉన్న దగ్గు సిరప్ ఆ జాతిదే. వీటిలో ఏదైనా ప్రీగాబలిన్‌తో కలిసి రాశారంటే తప్పని కాదు. రెండూ రాసిన డాక్టరుకు రెండో దాని సంగతి తెలియాలి, రెండు మోతాదులూ తక్కువలో మొదలవ్వాలి, మొదటి కొన్ని రాత్రులు ఇంట్లో ఇంకొకరు గమనించాలి. మలబద్ధకం రెండింటితోనూ వస్తుంది కాబట్టి దానికి ముందే మందు అడగాలి.

నిద్ర పట్టడం లేదని రాసిన ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ రెండో వరస. ఇవి ఏళ్ళుగా అలవాటైపోయి, మందుల్లో లెక్కలోకే రావు. "ఏమేం వాడుతున్నారు" అని డాక్టరు అడిగితే బీపీ, షుగరు అంటారు గానీ రాత్రి వేసే ఆ చిన్న మాత్ర ఎవరికీ గుర్తురాదు. నడుము పట్టేసిందని ఇచ్చే కండరాలు సడలించే మాత్రలు, టైజానిడిన్, బాక్లోఫెన్ లాంటివి, మూడో వరస.

నాలుగోది జలుబు మాత్ర. షాపులో చీటీ లేకుండా ఇచ్చే చాలా జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. అది మత్తిచ్చేదే. దురదకు ఇచ్చే హైడ్రాక్సిజైన్ ఇంకా ఎక్కువ. తుమ్ములకో దద్దుర్లకో తప్పనిసరిగా కావాలంటే ఫెక్సోఫెనడిన్ లాంటి మత్తు తక్కువ రకం అడగవచ్చు.

ఐదోది తిరుపతికే ప్రత్యేకం. ఘాట్ రోడ్డు మలుపులకు వాంతి అవుతుందని కొండకు వెళ్ళే ముందు వేసుకునే మాత్రల్లో ప్రోమెథజైన్ బాగా మత్తిచ్చే మందు. ఉదయం ప్రీగాబలిన్, బస్సెక్కే ముందు ప్రోమెథజైన్, పొద్దుటి నుంచి ఏమీ తినకుండా క్యూలో నిలబడడం. అరవై దాటిన మనిషి కంపార్టుమెంటులో కళ్ళు తిరిగి పడ్డాడంటే దైవాధీనం అనుకునే ముందు జేబులో ఉన్న ఆ రెండు మాత్రలు చూడాలి.

మద్యం సంగతి విడిగా చెప్పాలి. రాత్రి మాత్ర ఉంది కాబట్టి సాయంత్రమే తాగేస్తే సరిపోతుందని కొందరు లెక్క వేసుకుంటారు. మాత్ర రెండు పూటలా వేసుకునేవారి ఒంట్లో అది లేని సమయమంటూ ఉండదు, ఆ లెక్క కుదరదు. ఊపిరి నిమిషానికి పదికంటే తగ్గినా, గట్టిగా గిల్లినా లేవకపోయినా, పెదాలు నీలిబారినా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. నోట్లో కాఫీ, మజ్జిగ ఏదీ పోయకూడదు.

కాళ్ళ వాపు: ఎవరి తప్పు?

చీలమండల దగ్గర వాపు ప్రీగాబలిన్‌తో తరచుగా వచ్చేదే. బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తోనూ వస్తుంది. షుగరుకు వాడే పయోగ్లిటజోన్‌తోనూ వస్తుంది. ప్రీగాబలిన్ పరీక్షల్లో పయోగ్లిటజోన్ జాతి మందు ఒక్కటే వాడినవారిలో 3 శాతానికి, ప్రీగాబలిన్ ఒక్కటే వాడినవారిలో 8 శాతానికి, రెండూ వాడినవారిలో 19 శాతానికి కాళ్ళు వాచాయి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, పయోగ్లిటజోన్ మూడూ కలిపిన షుగరు మాత్ర మన దగ్గర బాగా నడుస్తుంది. వేసుకునేవారికి మూడో మందు ఉందనే తెలియదు. ఇక్కడా వెనక చిన్న అక్షరాలే దిక్కు.

వాపు చూసి నీరు తీసే మాత్ర తెచ్చుకోవడం, దాంతో ఒంట్లో నీరు తగ్గి కిడ్నీ కుంగడం, కిడ్నీ కుంగి ప్రీగాబలిన్ పేరుకోవడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి. వాపు కనబడగానే ముందు అడగాల్సింది: ఈ మధ్య ఏ మాత్ర కొత్తగా మొదలైంది, దేని మోతాదు పెరిగింది? గుండె జబ్బు ఉన్నవారికి వాపుతో పాటు ఆయాసం వచ్చినా, పడుకుంటే ఊపిరాడకపోయినా ఆ రోజే చూపించుకోవాలి. బరువు కూడా గమనించండి. ఆకలి పెరిగి మూడు నెలల్లో నాలుగైదు కిలోలు పెరిగేవారున్నారు. షుగరు మనిషికి అది మళ్ళీ షుగరు మీదే పడుతుంది.

పెదాలు, నాలుక, గొంతు వాయడం వేరే సంగతి. ఇది అరుదు, కానీ రామిప్రిల్, ఎనలాప్రిల్ జాతి బీపీ మాత్రలు వాడేవారిలో అవకాశం ఎక్కువ. అప్పుడు మెల్లగా దించడాలు లేవు, మందు అక్కడే ఆపి వెంటనే ఆసుపత్రికి.

గాబాపెంటిన్ వాడేవారికి

పనితీరు, కిడ్నీ లెక్క, మత్తు జాగ్రత్తలు అన్నీ ఇవే. రెండు తేడాలు. ప్రీగాబలిన్ ఎంత వేసుకుంటే అంత ఒంటికి పడుతుంది. గాబాపెంటిన్ అలా కాదు. రోజుకు 900 మి.గ్రా. వేసుకుంటే సుమారు 60 శాతం, 3600 వేసుకుంటే మూడో వంతే. పేగులో దాన్ని లోపలికి తీసుకునే దారి ఇరుకు. అందుకే రోజు మోతాదును మూడు పూటలకు పంచుతారు. రెండు పూటలది కలిపి ఒకేసారి మింగితే నష్టపోయేది మీరే. రెండోది, కడుపు మంటకు తాగే అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గులాబీరంగు సిరప్పులు దీన్ని ఐదో వంతు దాకా తగ్గిస్తాయి. సిరప్ తాగాక కనీసం 2 గంటలు ఆగి గాబాపెంటిన్ వేసుకోండి. పరగడుపున వేసే పాంటోప్రజోల్‌తో ఈ ఇబ్బంది లేదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుస్తున్నప్పుడు మి.గ్రా. అంకెలు పోల్చకండి, 300 గాబాపెంటిన్ 75 ప్రీగాబలిన్ కంటే నాలుగు రెట్లు బలమైనది కాదు.

మొదలుపెట్టడం, కొండకు వెళ్ళడం, మానడం

పెద్దవయసువారికి రాత్రి ఒక్క 50 గానీ 75 గానీ మొదలుపెట్టి, వారం చూసి, అప్పుడు రెండో పూట చేర్చడం మంచి పద్ధతి. చీటీలో రెండు పూటలూ మొదటిరోజు నుంచే ఉంటే, ముందు రాత్రిపూటతో మొదలుపెట్టవచ్చా అని అడగండి, చాలామంది డాక్టర్లు సరే అంటారు. అన్నం తిన్నాక వేసుకుంటే మందు నెమ్మదిగా ఎక్కుతుంది, మొత్తం మీద తగ్గదు. తల తిరగడం కొందరికి అలా తేలికపడుతుంది. రాత్రి మూత్రానికి లేచేవారు మంచం మీద ఒక నిమిషం కూర్చుని, గోడ పట్టుకుని లేవాలి. స్నానాల గదికి దారిలో చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. తుంటి ఎముక విరిగితే కాళ్ళ మంట కంటే పెద్ద కష్టం.

ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. తర్వాతి పూట దగ్గరపడితే వదిలేయండి, రెండూ కలిపి వేసుకోవద్దు.

మొదటి వారం, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో వారం, బండి నడపవద్దు. ఘాట్ రోడ్డు మీద అసలే వద్దు. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388. మొక్కు ఉంటే మందు ఒంటికి అలవాటైన తర్వాతి రోజు చూసుకోండి, తెల్లవారుజామున ఎక్కండి, నీళ్ళు తాగుతూ ఎక్కండి, పక్కన మనిషిని పెట్టుకోండి. చెప్పులు లేకుండా నడిచే దారి కాబట్టి షుగరు పాదాలవారు పైకి చేరగానే కూర్చుని అరికాళ్ళు చూసుకోవాలి. ఎండకు కాలిన బండ మీద బొబ్బ లేచినా మంట తెలియకపోవడం ఈ జబ్బులో ఉన్న గుణం. కాలిన బొబ్బను చిదపకుండా శుభ్రమైన గుడ్డ కట్టి అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఉపవాసం ఉన్నా ఈ మాత్ర వేసుకోవచ్చు, నీళ్ళు మానేసే ఉపవాసం మాత్రం కిడ్నీ సరిగా లేనివారు డాక్టరును అడగకుండా చేయకూడదు.

గర్భం ధరించాలనుకునేవారు, ధరించినవారు దీన్ని వాడే ముందే చెప్పాలి. తొలి మూడు నెలల్లో బిడ్డకు లోపాల అవకాశం కొంత పెరుగుతుంది. మనసు కుంగిపోవడం, చావు ఆలోచనలు కొత్తగా మొదలైతే ఇంట్లోవాళ్ళకు, డాక్టరుకు వెంటనే చెప్పండి. మూర్ఛకు వాడే మందులన్నింటికీ ఈ హెచ్చరిక ఉంది. గతంలో మద్యానికో మత్తుకో అలవాటుపడిన చరిత్ర ఉంటే దాచకండి, అలాంటివారికి ఈ మందూ అలవాటుగా మారగలదు.

మానడం విషయంలో జరిగే తప్పు ఒకటే: నొప్పి తగ్గిందనో, స్ట్రిప్పు అయిపోయిందనో ఒక్కరోజులో ఆపేయడం. నిద్ర పట్టకపోవడం, చెమటలు, వికారం, తలనొప్పి, విరేచనాలు, అకారణంగా గాబరా మొదలవుతాయి. మూర్ఛ ఉన్నవారికి ఫిట్స్ రావచ్చు. పాత నొప్పి తిరగబెట్టిందని పొరపడి మళ్ళీ ఎక్కువ మోతాదు వేసుకునేవారూ ఉన్నారు. కనీసం వారం రోజులు, ఎక్కువ కాలం వాడినవారు అంతకంటే మెల్లగా, వారానికి 50 నుంచి 100 మి.గ్రా. మించకుండా దించుకోవాలి. రెండు పూటలా 75 వాడేవారైతే పగటిది తీసేసి రాత్రిది వారం ఉంచి, ఆ తర్వాత ఆపవచ్చు; నెలలు, ఏళ్ళు వాడినవారికి ఆ చివరి మెట్టు ఇంకా నిదానంగా ఉండాలి. అందుకే చివరి స్ట్రిప్పులో వారానికి సరిపడా మాత్రలు మిగిలి ఉండగానే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మానేసి కొన్ని వారాలయ్యాక నొప్పి మళ్ళీ మొదలైతే, డబ్బాలో మిగిలినవి తీసి పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు. ఒళ్ళు ఆ అలవాటు మరిచిపోయి ఉంటుంది, మళ్ళీ రాత్రి ఒక్క చిన్న మోతాదు నుంచే, అప్పటి క్రియాటినిన్ చూసుకునే.